ఎమ్స్ తంతి: ఒక వాక్యం కత్తిరిస్తే యుద్ధం వస్తుందా?

మూడోప్రయత్నం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెలుగు మాధ్యమంలో సివిల్స్ మెయిన్స్‌కు చదువుతున్నాను. ప్రపంచ చరిత్రలో 1870 నాటి ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధం దగ్గర బండి ఆగిపోయింది. నా నోట్సులో ఒకే వాక్యం ఉంది: “ప్రష్యా ప్రధాని బిస్మార్క్ ఎమ్స్ టెలిగ్రామును మార్చి ప్రచురించడంతో ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.” అంతే. ఒక టెలిగ్రాము చదివి ఒక దేశం యుద్ధానికి దిగుతుందా? ఇంతకీ ఆయన మార్చింది ఏమిటి? లేని మాట చేర్చాడా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

ఎదురుప్రశ్న | సోమవారం, రాత్రి 9:58

టెలిగ్రాము చదివి ఎవరూ యుద్ధానికి దిగరు. దిగాలని ముందే నిర్ణయించుకున్నవారికి సాకు కావాలి, దొరికింది. చర్చ ముగిసింది, పడుకోండి.

పాతకాగితం | సోమవారం, రాత్రి 10:50

ఎదురుప్రశ్న గారూ, మీరు చర్చ ముగించారు గానీ అబ్బాయి అడిగినదానికి జవాబు రాలేదు. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పినవాడిని, నాలుగు మాటలు చెప్పనివ్వండి.

కథ మొదలయ్యేది జర్మనీలో కాదు, స్పెయిన్‌లో. 1868లో అక్కడి సేనానులు ఇసబెల్లా రాణిని గద్దె దించారు. దించడం తేలికగానే జరిగింది, ఎక్కేవాడు దొరకలేదు. జనరల్ ప్రిమ్ ఆడపిల్లకు సంబంధం వెతికినట్టు యూరప్ రాజవంశాలన్నిటిలో వెతికాడు. చివరికి హోహెన్‌జోలర్న్ వంశపు క్యాథలిక్ శాఖలోని లియోపోల్డ్ ఒప్పుకున్నాడు. ఆ వంశానికంతటికీ పెద్ద ప్రష్యా రాజు విల్హెల్మ్. అంటే ఫ్రాన్స్‌కు తూర్పున ప్రష్యా, దక్షిణాన ప్రష్యా రాజు బంధువు. నాలుగేళ్ల ముందే ఆ ప్రష్యా ఆస్ట్రియాను ఏడు వారాల్లో మట్టి కరిపించింది. పారిస్‌కు నిద్ర ఎలా పడుతుంది?

వెనక నుంచి తోసింది బిస్మార్కే, అందులో నాకు అనుమానం లేదు. విషయం గుట్టుగా ఉంచి, స్పెయిన్ పార్లమెంటు ఓటు వేసి రాజును ఎన్నుకున్నాక లోకానికి చెప్పాలన్నది ఎత్తుగడ. అది ఎలా చెడిందో వినండి. మాడ్రిడ్‌కు సంకేతలిపిలో ఒక తంతి వచ్చింది: ఒప్పందం కుదిర్చిన దూత జూన్ 26 నాటికి తిరిగి వస్తాడు అని. దాన్ని విప్పిన గుమాస్తా తేదీని జూలై 9 అని చదివాడు. అన్నాళ్లు సభ్యులను ఎండలో కూర్చోబెట్టడం ఎందుకని సభను వాయిదా వేసేశారు. ఓటు వేయవలసినవారు ఊళ్లకు పోయారు, గుట్టు మాత్రం మాడ్రిడ్‌లో మిగిలింది. జూలై 3 కల్లా పారిస్‌కు చేరింది. అందరూ ఎమ్స్ తంతి గురించే మాట్లాడతారు గానీ, నన్నడిగితే ఈ గుమాస్తా తంతి కూడా దానికేమీ తీసిపోదు.

జూలై 6న ఫ్రెంచి విదేశాంగ మంత్రి గ్రామోన్ నిండు సభలో నిలబడి, ఐదవ చార్ల్స్ సింహాసనం (అంటే స్పెయిన్ గద్దె) మీద పరాయి రాకుమారుడిని కూర్చోనివ్వం అని గర్జించాడు. చాటుగా అడగవలసినది చాటించి అడిగాడు. అయినా పని జరిగింది. జూలై 12న లియోపోల్డ్ తండ్రి తన కొడుకు తరఫున ఆ ప్రతిపాదన వదులుకుంటున్నట్టు ప్రకటించాడు. బెర్లిన్‌లో బిస్మార్క్ రాజీనామా చేసేద్దామా అన్నంతగా నీరసపడ్డాడు.

అక్కడ ఆగితే ఫ్రాన్స్ గెలిచినట్టే. ఆగలేదు. ఆ సాయంత్రమే గ్రామోన్ తన రాయబారి బెనెడెట్టికి ఇంకో తంతి కొట్టాడు: ఇకముందు ఎన్నడూ ఈ ప్రతిపాదనకు ఒప్పుకోనని ప్రష్యా రాజు నుంచి హామీ తీసుకో అని. ప్రధాని ఒలివియేకు కూడా ఆ మాట ముందుగా చెప్పలేదు. మిగతాది రేపు, కళ్లు మండుతున్నాయి.

లాన్‌ఒడ్డు | మంగళవారం, తెల్లవారుజామున 2:15

మిగతాది నేను అందుకుంటాను. నేను ఉండేది కోబ్లెంజ్‌లో, బాడ్ ఎమ్స్‌కు రైల్లో అరగంట కూడా పట్టదు. లాన్ నది ఒడ్డున వేడినీటి బుగ్గల ఊరు. అప్పట్లో రాజులు, రచయితలు ఆరోగ్యం కోసం వచ్చేవారు, దొస్తోయెవ్‌స్కీ కూడా వచ్చాడు. నదీ తీరాన విహారవాటికలో నేలలో ఒక రాతి పలక ఉంది. దాని మీద చెక్కింది 1870 జూలై 13, ఉదయం 9 గంటల 10 నిమిషాలు. రాజును రాయబారి ఆపి మాట్లాడిన చోటు అదేనంటారు. మన ఊళ్లలో దేవుడి పాదాలకు గుర్తు పెడతారు, వీళ్లు సంభాషణకు పెట్టారు. (ఇదే ఊరిలో 1876లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ ఉక్రేనియన్ భాషలో పుస్తకాలు అచ్చు వేయకూడదన్న ఆజ్ఞ మీద సంతకం పెట్టాడు. స్నానానికి వచ్చినవాళ్లు స్నానం చేసి వెళ్లరు కదా.)

మూడోప్రయత్నం గారు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. జర్మన్‌లో రెండు పాఠాలూ చదివాను. రాజు పక్కన ఉన్న అధికారి ఆబెకెన్ బిస్మార్క్‌కు పంపిన తంతిలోని సారం ఇది:

బెనెడెట్టి విహారవాటికలో రాజును ఆపి, బాగా పట్టుబట్టి, ఎప్పటికీ ఒప్పుకోనని హామీ ఇమ్మన్నాడు. అలాంటి శాశ్వత హామీ ఇవ్వడం సరికాదు, సాధ్యం కాదు అని రాజు చివరికి కొంచెం గట్టిగానే చెప్పాడు. లియోపోల్డ్ తప్పుకున్నాడన్న కబురు తనకు ఇంకా అందలేదని కూడా అన్నాడు. తర్వాత లియోపోల్డ్ తండ్రి నుంచి ఉత్తరం వచ్చింది. దాంతో రాయబారిని మళ్లీ పిలవకుండా తన అంగరక్షక అధికారిని పంపి, “మీకు పారిస్ నుంచి తెలిసిన వార్త నిజమేనని మాకూ రూఢి అయింది, ఇక చెప్పవలసింది ఏమీ లేదు” అని చెప్పించాడు. ఈ కొత్త కోరికనూ దాని తిరస్కారాన్నీ మన రాయబారులకు, పత్రికలకు తెలియజేయాలా అన్నది మీ ఇష్టం.

బిస్మార్క్ ఆ రాత్రి పత్రికకు ఇచ్చినది ఇది:

లియోపోల్డ్ వదులుకున్న వార్త ఫ్రెంచి ప్రభుత్వానికి స్పెయిన్ అధికారికంగా తెలిపిన తర్వాత కూడా, ఫ్రెంచి రాయబారి ఎమ్స్‌లో రాజును శాశ్వత హామీ కోరాడు. ఆ మీదట రాజు రాయబారిని మళ్లీ కలవడానికి నిరాకరించి, ఇక చెప్పవలసింది ఏమీ లేదని విధుల్లో ఉన్న అధికారి ద్వారా చెప్పించాడు.

తేడా కనిపించిందా? రాజు చెప్పని మాట ఒక్కటీ ఆయన నోట పెట్టలేదు. తీసేసింది మధ్యలోని కబురును. మొదటిదానిలో “ఇక చెప్పవలసింది ఏమీ లేదు” అంటే, అడిగినదానికి జవాబు ఇచ్చేశాను కాబట్టి ఏమీ లేదు అని. రెండోదానిలో అదే మాట ముఖం మీద తలుపు వేసినట్టు. ఆ “ఆ మీదట” అనే ముక్క చూడండి, కోరికకూ తిరస్కారానికీ మధ్య ఉన్న కొన్ని గంటలను మింగేసింది.

బందరు సుభద్ర | మంగళవారం, ఉదయం 7:05

ఇది అశ్వత్థామ హతః కథే కదా! కుంజరః అన్న మాట డప్పుల మోతలో కలిసిపోయింది.

పాతకాగితం | మంగళవారం, ఉదయం 8:20

దగ్గరగానే ఉంది గానీ ఒక తేడా ఉందమ్మా. ధర్మరాజు ఆ మాట అన్నాడు, వినబడకుండా అన్నాడు. అందుకని రథం నేలకు దిగింది. బిస్మార్క్ అనలేదు, అందుకు సిగ్గూ పడలేదు. ముసలితనంలో జ్ఞాపకాలు రాస్తూ గొప్పగా చెప్పుకున్నాడు: ఆ రాత్రి భోజనానికి వచ్చిన సేనాధిపతి మోల్ట్కేకు, యుద్ధమంత్రి రోన్‌కు ఆ వార్త విని అన్నం సహించలేదట. తాను కుదించిన పాఠం చదివి వినిపించగానే ఇద్దరికీ ఆకలి పుట్టుకొచ్చిందట. ఇది గాల్ దేశపు (అంటే ఫ్రాన్స్) ఎద్దు ముందు ఎర్రగుడ్డ అవుతుందని చెప్పానన్నాడు. ఈ భోజనాల బల్ల దృశ్యానికి కొంత మసాలా చేరిందని చరిత్రకారుల అనుమానం, నాకూ అంతే. తన చెయ్యి లేకుండా చరిత్ర కదలలేదని చెప్పుకోవడం పదవి పోయిన రాజకీయ నాయకులకు ఎక్కడైనా ఉన్న అలవాటే.

అసలు పాఠం లోకానికి తెలిసింది ఎప్పుడనుకున్నారు? 1892లో, ఆయన పదవి నుంచి దిగిన రెండేళ్లకు, తర్వాతి ఛాన్సలర్ కాప్రివి పార్లమెంటులో చదివి వినిపించినప్పుడు.

తంతివారు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

తంతి కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఒక మాట చెబుతాను. తంతికి కుదింపు పుట్టుకతో వచ్చిన గుణం. మాటకు ఇంతని రుసుము. అందుకని జనం మర్యాదలు, కారణాలు, అయితే గియితేలు అన్నీ కొట్టేసి “తల్లికి విషమం వెంటనే బయలుదేరు” అని ఇచ్చేవారు. ఊళ్లో తంతి జవాను సైకిలు కనబడితే చాలు, కవరు విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. చాలాసార్లు లోపల ఉన్నది ఉద్యోగం వచ్చిందన్న కబురు. మా సేవ 2013 జూలై 14 రాత్రితో ఆగిపోయింది, ఈ తరానికి ఆ భయం తెలియదు.

నేను చెప్పేది ఏమిటంటే, ఆ రోజుల్లో పొట్టి వాక్యం అంటేనే కఠినంగా వినబడుతుంది. ఉత్తరమైతే “మహారాజశ్రీ” అని మొదలుపెట్టి, తమలపాకులో సున్నం రాసినట్టు తిరస్కారాన్ని మెత్తగా చెప్పవచ్చు. తంతికి ఆ తీరిక లేదు. బిస్మార్క్ ఆ సంగతి ఎరిగే వాడుకున్నాడు.

వార్తలబల్ల | మంగళవారం, రాత్రి 8:45

పత్రికలో అనువాదాలు చేసి పొట్టపోసుకునేవాడిని కాబట్టి నా గోడు కూడా వినండి. ఆ రాత్రే బెర్లిన్ పత్రిక ప్రత్యేక సంచిక వేసి వీధుల్లో ఉచితంగా పంచిపెట్టింది. మర్నాడు, జూలై 14న, హవాస్ వార్తాసంస్థ అనువాదం పారిస్ పత్రికల్లోకి ఎక్కింది. జర్మన్‌లో “అడ్యుటాంట్” అంటే రాజు వెంట ఉండే ఉన్నత సైనికాధికారి. నిజానికి వెళ్లినవాడు ప్రిన్స్ రాడ్జివిల్, పెద్ద ఇంటివాడు. ఫ్రెంచిలో దాదాపు అవే అక్షరాలతో “అజ్యుదాన్” అనే మాట ఉంది, దాని అర్థం మన హవల్దారుకు కాస్త పైమెట్టు. అనువాదకుడు ఆ మాటను అలాగే వదిలేశాడు. పారిస్‌లో చదివినవాడికి ఏమని అర్థమైంది? మా చక్రవర్తి రాయబారికి ఒక చిన్న సిపాయితో కబురు పంపి గెంటేశారు అని!

రెండు భాషల్లో ఒకేలా కనబడే మాటలు అనువాదకుడికి కాలి కింద అరటితొక్కలు. మా బల్ల మీద అలాంటివి రోజుకు రెండయినా తగులుతాయి. దేవుడి దయవల్ల మా వాటితో సైన్యాలు కదలవు.

బందరు సుభద్ర | మంగళవారం, రాత్రి 9:10

అది కూడా జూలై 14, ఫ్రెంచివాళ్ల జాతీయ పండుగ రోజు! వీధుల్లో జనం ఉన్నారు కాబట్టే అంత రేగిందని ఎక్కడో చదివాను.

పాతకాగితం | మంగళవారం, రాత్రి 9:25

అది చాలాచోట్ల రాస్తారు, పొరపాటు. జూలై 14 జాతీయ పండుగ అయింది 1880లో. 1870లో గద్దె మీద ఉన్నది మూడవ నెపోలియన్ చక్రవర్తి, బాస్టీల్ కోట పతనాన్ని పండుగ చేసుకునే మనిషి కాదు. జనం వీధుల్లోకి వచ్చిన మాట నిజం, “బెర్లిన్‌కు పదండి” అని అరిచిన మాటా నిజం. అది పండుగ కాదు, పూనకం.

ఎదురుప్రశ్న | మంగళవారం, రాత్రి 10:20

అందరూ కలిసి బిస్మార్క్ కత్తెరకు దండలు వేస్తున్నారు. నా మొదటి మాట మీదే ఉన్నాను, ఇప్పుడు సాక్ష్యాలతో.

అవమానం జరిగిందంటున్న బెనెడెట్టికే అవమానం అనిపించలేదు. అదే జూలై 14న ఎమ్స్ రైల్వే స్టేషన్‌లో రాజుకు వీడ్కోలు చెప్పడానికి వెళ్లాడు, ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకున్నారు. తన మీద నింద పడుతుందని 1871లో పుస్తకం కూడా రాసుకున్నాడు పాపం. ఆయన పంపిన నివేదికలు పారిస్ బల్లల మీదే ఉన్నాయి. అంటే ఏం జరిగిందో గ్రామోన్‌కు తన సొంత రాయబారి ద్వారా తెలుసు. అయినా నమ్మింది పత్రికలో అచ్చయినదాన్ని. ఆ రోజు గ్రామోన్ ఒలివియే గదిలోకి వచ్చి “చెంపదెబ్బ తిన్న మనిషిని చూస్తున్నారు” అన్నాడట.

15న సభలో వృద్ధుడు తియేర్ లేచి, యుద్ధానికి ముందు ఆ కాగితాలు చూపించండి అని అడిగితే అరుపులతో నోరు మూయించారు. యుద్ధ నిధులకు 245 మంది అనుకూలం, 10 మంది వ్యతిరేకం. ఆ రోజే ఒలివియే ఈ బాధ్యతను తేలికైన గుండెతో స్వీకరిస్తున్నానన్నాడు, ఆ రెండు మాటలు చచ్చేదాకా ఆయన్ను వదల్లేదు. 19న బెర్లిన్‌లో యుద్ధ ప్రకటన అందజేశారు. సంతకం చేసిన చెయ్యి ఫ్రాన్స్‌ది. కత్తెర పట్టిన చేతిని మాత్రమే తిడితే ఎలా?

లాన్‌ఒడ్డు | బుధవారం, తెల్లవారుజామున 1:40

ఎదురుప్రశ్న గారి మాటలో సగానికి ఒప్పుకుంటాను. మిగతా సగం చెబుతాను. జూలై 14 మధ్యాహ్నం ఫ్రెంచి మంత్రివర్గం ఊగిసలాడింది. యూరప్ రాజ్యాల సమావేశం పిలిచి విషయం దాని ముందు పెడదామని కూడా ఒక దశలో అనుకున్నారు. సాయంత్రానికి ఆ ఆలోచన చచ్చిపోయింది. ఎందుకు? బిస్మార్క్ ఆ పాఠాన్ని పత్రికకు మాత్రమే ఇవ్వలేదు, ఇతర రాజధానుల్లో ఉన్న ప్రష్యా ప్రతినిధులకు కూడా తంతుల్లో పంపాడు. బెర్న్ నుంచి, మ్యూనిక్ నుంచి ఫ్రెంచి దూతలు ఆ సంగతి పారిస్‌కు రాశారు. ఇద్దరి మధ్య మాట ఊరంతటికీ తెలిసింది. ఊరికి తెలిశాక వెనక్కి తగ్గడం పరువు పోగొట్టుకోవడమే.

నన్నడిగితే కత్తిరింపుకన్నా ఎక్కువ పని చేసింది ప్రచురణ. ఆబెకెన్ పాఠాన్ని అక్షరం మార్చకుండా అచ్చు వేసినా, “పట్టుబట్టి”, “గట్టిగా చెప్పాడు” అన్న మాటలు అందులో ఉన్నాయి కదా. చెవిలో చెప్పుకోవలసిన మాట బజారున పడ్డాక దౌత్యానికి చోటు ఎక్కడుంది? కానీ ముందుగా బజారుకెక్కింది గ్రామోన్, జూలై 6న. బిస్మార్క్ ఆ బజారులోనే అంతకన్నా పెద్ద డోలు కొట్టాడు.

ఎదురుప్రశ్న | బుధవారం, ఉదయం 6:30

ఇది బాగుంది. ముందే ఇలా చెప్పి ఉంటే నేను హాయిగా పడుకునేవాడిని.

వార్తలబల్ల | బుధవారం, ఉదయం 11:15

ప్రచురణ మాట వచ్చింది కాబట్టి: యుద్ధం మొదలయ్యాక బిస్మార్క్ ఇంకో కాగితం తీశాడు. బెల్జియంను ఫ్రాన్స్ కలుపుకుంటే ప్రష్యా సాయపడాలన్న ఒప్పందపు ముసాయిదా, 1866 నాటిది, బెనెడెట్టి స్వదస్తూరీతో ఉన్నది. నాలుగేళ్లు సొరుగులో దాచాడు. 1870 జూలై 25న అది లండన్ టైమ్స్‌లో అచ్చయింది. బ్రిటన్‌లో ఫ్రాన్స్ మీద మిగిలిన కాస్త సానుభూతీ ఎగిరిపోయింది. పాపం బెనెడెట్టి! నోటితో అన్నదీ చేత్తో రాసిందీ రెండూ ఆయనకే ఎదురు తిరిగాయి.

తంతివారు | బుధవారం, సాయంత్రం 5:50

1914లో కూడా తంతులే కొంప ముంచాయని విన్నాను. నిజమేనా మాస్టారూ?

పాతకాగితం | బుధవారం, రాత్రి 9:00

అది వేరే చర్చకు సరిపడే ముచ్చట, రెండే చెబుతాను. సెర్బియా మీద యుద్ధాన్ని ఆస్ట్రియా జూలై 28న మామూలు తంతి ద్వారానే ప్రకటించింది. రాయబారి చేతికి కాగితం ఇచ్చే మర్యాద కూడా లేదు. ఆగస్టు 1 సాయంత్రం పీటర్స్‌బర్గ్‌లో జర్మన్ రాయబారి పూర్తలేస్ రష్యా మంత్రికి యుద్ధ ప్రకటన అందించాడు. రష్యా జవాబు ఇస్తే ఒక మాట, ఇవ్వకపోతే ఇంకో మాట వాడాలని బెర్లిన్ రెండు పాఠాలు పంపింది. తొందరలో రెండూ ఉన్న కాగితాన్నే ఇచ్చేశాడు! అదే రోజు లండన్ నుంచి రాయబారి లిహ్నోవ్‌స్కీ పంపిన తంతి చూసి, బ్రిటన్ తటస్థంగా ఉంటుందని నమ్మి, జర్మన్ చక్రవర్తి కైజర్ పడమటి దాడి ఆపమన్నాడు. రాత్రికల్లా అది అపార్థమని తేలింది. కాబట్టి తంతి యుద్ధాన్ని తేవడమే కాదు, కొన్ని గంటలు ఆపగలిగింది కూడా. అయితే 1914లో దారి తప్పించిన తొందర 1870లో ఒకరికి పనిముట్టు. రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు.

మూడోప్రయత్నం | గురువారం, రాత్రి 8:10

అందరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. 150 పదాల జవాబు రాసుకుంటున్నాను. మధ్య భాగం ఇది, సరిచూడగలరు:

“1870 జూలై 13న ఎమ్స్‌లో ఫ్రెంచి రాయబారి బెనెడెట్టి, స్పెయిన్ సింహాసనానికి హోహెన్‌జోలర్న్ వంశీయుడిని మళ్లీ ఎన్నడూ అనుమతించనని హామీ ఇవ్వవలసిందిగా విల్హెల్మ్ రాజును కోరాడు. రాజు తిరస్కరించాడు. ఆ మీదట రాయబారిని కలవడానికి నిరాకరించి, చెప్పవలసింది ఏమీ లేదని అధికారి ద్వారా కబురు పంపాడు. ఈ సంఘటనపై వచ్చిన తంతిని బిస్మార్క్ కుదించి ప్రచురించగా ఫ్రెంచి ప్రజాభిప్రాయం భగ్గుమంది.”

వార్తలబల్ల | గురువారం, రాత్రి 8:25

బాబూ, లియోపోల్డ్ తండ్రి ఉత్తరం ఏది? రూఢి అయిన కబురు ఏది? మీరు కూడా సరిగ్గా అదే వాక్యం కొట్టేశారు. పైగా “ఆ మీదట” కూడా పెట్టారు.

మూడోప్రయత్నం | గురువారం, రాత్రి 8:31

అయ్యో. పదాలు ఎక్కువైపోతున్నాయని తీసేశానండీ. అది లేకపోయినా అర్థం అవుతుంది కదా అనిపించింది.

తంతివారు | గురువారం, రాత్రి 8:40

మా కిటికీ దగ్గర నిలబడినవాళ్లందరూ అదే అనేవారు నాయనా.